ఎడమకాలి పిండికట్టు

సాంచె మీద తెగిన దారాన్ని బుచ్చిరాములు ముడివేస్తే, దారం మీద వాలిన ఈగ లేచేలోపు పని అయిపోతుందని సూరత్ పక్క జోల్వాలో చెప్పుకుంటారు. చెప్పుకుంటారంటే, ఎక్కువగా బుచ్చిరాములే చెప్పుకుంటాడు. అయినా ఖాతాలో ఎవరూ కాదనరు. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే రేకుల షెడ్డును అటువైపు ఖాతా అంటారు. అందులో ఆ మోత మధ్య కాదనాలన్నా వినపడదు మరి.

ఆ సోమవారం పొద్దున రెండో వరుసలో దారం తెగింది. బుచ్చిరాములు సాంచె ఆపి, వంగి, ఎడమచేత్తో ఒక కొస, కుడిచేత్తో ఇంకో కొస పట్టుకున్నాడు. ఇక కుడి బొటనవేలు మెలిక వేయాలి. వేయలేదు. వేలు కళ్ళముందే ఉంది, గోరు మీద నూనె మరక కూడా కనిపిస్తూనే ఉంది. కానీ అది పక్కింటివాడు ఎరువిచ్చిన వేలులా పడి ఉంది. దారం జారింది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ జారింది. పక్క వరుసలో కండె మారుస్తున్న లింగం అది చూసి కనుబొమలు ఎగరేశాడు. బుచ్చిరాములు చెయ్యి దులుపుకుని, చెమటయిందన్నట్టు లుంగీకి తుడుచుకున్నాడు. కొంతసేపటికి వేలు ఎక్కడికో వెళ్ళి వచ్చినట్టు వచ్చింది. ముడి పడింది. సాంచె కదిలింది.

మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు లింగం అడగనే అడిగాడు. బుచ్చిరాములు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సేఠ్ ఖర్చు తగ్గించడానికి సాలెపురుగులను కొలువులో పెట్టుకున్నాడనీ, ఈ వారం దారమంతా వాటిదేననీ, అది మనిషి చేతికి అంటదనీ చెప్పాడు. సాలెపురుగులకు బోనస్ కూడా ఇస్తున్నాడని పక్కన తింటున్న అంబదాస్ అందుకున్నాడు. అందరూ నవ్వారు. లింగం కూడా నవ్వాడు.

సాయంత్రం పని దిగి గల్లీలో నడుస్తుంటే లింగం వెనకనుంచి కేకేశాడు. అతని చేతిలో ఒక చెప్పు వేలాడుతోంది.

"చెప్పు ఇడిసిపెట్టి ఏడికి పోతున్నవే, అన్నా?"

బుచ్చిరాములు కిందికి చూసుకున్నాడు. కుడికాలికి చెప్పు లేదు. ఎండకు సిమెంటు గల్లీ ఇంకా పెనంలాగానే ఉంది. ఎడమపాదం చెప్పులోంచి కూడా ఆ సెగను పట్టుకుంటోంది. కుడిపాదం బోసిగా అదే సిమెంటు మీద నిలబడి ఏమీ అనడం లేదు. అతను కాసేపు ఆ పాదం వంకే చూశాడు. తర్వాత, అది తెలివిగల చెప్పనీ, ఇల్లు దానికి తెలుసనీ, దానంతటదే వచ్చేదనీ అని, చెప్పు వేసుకున్నాడు. బొటనవేలు వారులో దూర్చడానికి చేత్తో పట్టి దూర్చాల్సి వచ్చింది.

*

ఇంటిదగ్గర సదానందం కూర్చుని ఉన్నాడు. సారక్క తమ్ముడు. వేరే ఖాతాలో మేస్త్రీ. మనుషులను పనికి కుదర్చడం అతని అసలు పని, మిగతావన్నీ కొసరు. సారక్క చీరల కట్ట ముందేసుకుని వేలాడే దారపు పోగులు కత్తిరిస్తోంది. సలాబత్‌పురా దుకాణంనుంచి వారానికోసారి వస్తాయి ఆ కట్టలు. కూతురు అక్షర యూనిఫాం ఉతికి, మసి పడకుండా గదిలోనే తాడు మీద ఆరేస్తోంది. జోల్వాలో తెల్లబట్ట బయట ఆరేస్తే మిల్లు పొగగొట్టం దానికి అద్దకం ఉచితంగా వేసిపెడుతుంది.

సదానందం చెప్పిన సంగతి ఇది. రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. దవాఖానాల్లో నర్సులు చాలడం లేదు కనుక, పేదింటి ఆడపిల్లలు నర్సింగు చదివితే ఫీజు సర్కారే భరిస్తుంది. చదువయ్యాక సర్కారు దవాఖానాలో ఉద్యోగం. అక్షర చదివే కాలేజీ కూడా దరఖాస్తు పెట్టింది. అది మంజూరైతేనే ఆమెకు మూడో ఏడు. లేకపోతే చదువు రెండో ఏటితోనే ఆగిపోతుంది. కాకపోతే చట్టంలో ఒక మెలిక పెట్టారు. కాలేజీకి సొంత దవాఖానా ఉండాలి. అందులో నిజమైన రోగులుండాలి. పిల్లలు ఆ మంచాల పక్కన నిలబడి పని నేర్చుకోవాలి. గురువారం గాంధీనగర్ నుంచి సర్కారువాళ్ళు చూడ్డానికి వస్తున్నారు.

"దవాఖానా ఉన్నది కద?" అన్నాడు బుచ్చిరాములు.

"మంచాలున్నయి బావా," అన్నాడు సదానందం. "రోగులే లేరు."

అందుకని మనవాళ్ళను కొందరిని ఒక్కపూట పడుకోబెట్టాలట. కాలేజీ ట్రస్టీ సాహెబ్ స్వయంగా అడిగాడట. కూలీ, అన్నం, ఫ్యాను. సదానందం ఇవన్నీ చెబుతున్నంతసేపూ అక్షర ఆరేసిన గౌను ముడతలే సాపు చేస్తూ నిలబడింది. రెండేళ్ళలో ఆమె ముట్టుకున్న రోగి రబ్బరు బొమ్మ ఒక్కటే. సూది వేయడం బత్తాయి పండ్ల మీద నేర్చుకుంది. ఆ బత్తాయిలు తర్వాత ప్రిన్సిపాల్ గారి ఇంటికి వెళ్తాయని పిల్లలు చెప్పుకుంటారు.

"గది తప్పు మామా," అంది చివరికి, ఇటు తిరగకుండానే.

సదానందానికి కోపం రాలేదు. అతనిది కోపం వచ్చే వ్యాపారం కాదు. ముందు దవాఖానా ఉంటే సర్కారు పైసలిస్తుంది, ముందు పైసలిస్తే దవాఖానా వస్తుంది, గుడ్డు ముందా కోడి ముందా అని కూర్చుంటే ముప్ఫైమంది ఆడపిల్లలు ఇళ్ళకొచ్చి దారాలు కత్తిరించుకుంటారని నెమ్మదిగా చెప్పాడు. సారక్క కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

బుచ్చిరాములుకు మాత్రం సంబరంగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక పగటిపూట మంచం మీద పడుకున్నది లేదు. పైగా కూతురు తెల్లగౌను వేసుకుని పనిచేసే చోట. రోగిగా తనకంటే బాగా ఎవరు చేస్తారని, ఊళ్ళో చూసిన ఒక నర్సమ్మ కథ ఎత్తుకున్నాడు. ఆమె సూది ఎంత పొడుగంటే, ఒకడికి గుచ్చితే పక్కమంచం వాడి దాకా దిగి ఇద్దరినీ కలిపి కుట్టేసేది. అట్లా కుట్టిన ఇద్దరన్నదమ్ములు ఆస్తి పంచుకోలేక చచ్చేదాకా కలిసే ఉన్నారు.

"ఇంకిటు సూడు. ఆమె వార్డుల నడుస్తుంటే అటునుంచిటు, ఇటునుంచటు గట్లనే ఉరుకుతుండె, మన సాంచెల గది ఉరికినట్టు. గది..."

ఆగాడు. నోరు తెరిచే ఉంది. చెయ్యి గాలిలో అటూ ఇటూ పోతోంది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ పట్టుకున్న వస్తువు, కళ్ళముందు నున్నటి కొయ్యగా, ఇనుప కొస మెరుస్తూ కనిపిస్తోంది. పేరు లేదు. పేరుండాల్సిన చోట బోసిపోయిన మేకు ఉంది. అందరూ ఎదురుచూశారు. కథలో ఎక్కడ ఆగాలో అతనికి తెలుసనే అనుకున్నారు.

"నాడెనా?" అంది సారక్క, కత్తిరిస్తూనే.

"ఆ, నాడె," అన్నాడు. అందరూ నవ్వారు. అక్షర నవ్వలేదు. దగ్గరికొచ్చి అతని కళ్ళలోకి చూసి, తల తిరుగుతోందా, చెయ్యి తిమ్మిరిగా ఉందా అని అడిగింది. లేదన్నాడు. బీపీ చూడాలంది. చూసే మిషను కాలేజీకంతా ఒక్కటే. ఇన్‌స్పెక్షన్ కోసం తుడిచి ప్రిన్సిపాల్ గదిలో తాళం వేశారు.

"గురువారం కానియ్యి, అడిగి తెస్త," అంది.

కుడిచెయ్యి లుంగీ మడతలో పెట్టుకుని బుచ్చిరాములు తలూపాడు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. పిల్ల పుస్తకం మూసి తనను పట్టుకుని ఏ దవాఖానా వరసలోనో నిలబడుతుంది. గురువారం దాటితే అప్పుడు చూసుకోవచ్చు. వేలు వస్తోంది కదా, పోయినా మళ్ళీ వస్తోంది.

*

గురువారం ఉదయం టెంపోలో వెళ్ళారు. కాలేజీ మేడ పైఅంతస్తు ఒకప్పుడు నూలు గోదాము. ఫినాయిల్ ఎంత పోసినా కింద నూనెపట్టిన నూలు వాసన బుచ్చిరాములు ముక్కుకు తగిలింది. కొత్త మంచాలు, కొత్త దుప్పట్లు. దుప్పటి అంచు ఎడమచేత్తో నలిపి చూశాడు. గంజి వదిలితే జల్లెడే. ఏ ఖాతాలో నేశారో కూడా చెప్పగలడు, కానీ ఇవాళ అతను రోగి.

కాలేజీ పనివాళ్ళు చకచకా రోగాలు పంచారు. లింగానికి మలేరియా. అతను వణకడం మొదలుపెడితే, అంతొద్దని చెప్పాల్సి వచ్చింది. ఒకడికి అపెండిసైటిస్. కొందరి చేతుల మీద సూది లేని గొట్టాలు అంటించి, పైన సెలైను సీసాలు వేలాడదీశారు. బుచ్చిరాములుకు కాలు విరిగింది. ఎడమకాలు. నిజం పిండికట్టే కట్టారు, తొడదాకా, తడితడిగా. అది ఆరుతుంటే కాలు మోకాటి దగ్గర బిగుసుకుపోయింది. రెండు నియమాలు చెప్పారు. ఒకటి, ఎవరేమడిగినా మాట్లాడొద్దు, మూలగండి, మూలుగుకు భాష లేదు. రెండోది అక్షరకు: తండ్రి మంచం వైపు వెళ్ళొద్దు, చూడొద్దు.

అక్షరను అవతలి వరుసలో పెట్టారు. తెల్లగౌను, జుట్టు బిగించి ముడి. పక్కన లింగం కూతురు కోమలి. ఇద్దరూ రోగుల మణికట్లు పట్టుకుని నాడి చూస్తున్నారు. రెండేళ్ళ చదువులో మొదటిసారి మనుషుల నాడి. బుచ్చిరాములుకు ఆ ముడి చూస్తే నవ్వొచ్చింది. చిన్నప్పుడు దువ్వెన పట్టుకుంటే గదంతా పరిగెత్తించేది. ఆ సంగతే లింగానికి చెబుదామని తల తిప్పాడు.

"అ... వ్వ..."

తడి దూది నోట్లో కుక్కినట్టుంది. నాలుక ఒకవైపు వెళ్ళమంటే ఇంకోవైపు పడుతోంది. మళ్ళీ ప్రయత్నించాడు. వచ్చిన చప్పుడు తనది కాదు.

లింగం దుప్పట్లోంచి పకపకా నవ్వాడు.

"ఇప్పుడే కాదే అన్నా. మేడం వచ్చినంక ఎయ్యి యాక్టింగు."

బుచ్చిరాములు కుడిచెయ్యి ఎత్తి లింగాన్ని తాకాలనుకున్నాడు. ఎత్తాననే అనుకున్నాడు. చూస్తే అది దుప్పటి మీద అరచెయ్యి పైకి పెట్టుకుని, ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ఎదురుచూశాడు. సోమవారం వచ్చింది కదా. నిన్న టీ కప్పు దగ్గర కూడా వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. చల్లగా ఏదో పెదవి మూలనుంచి చెవి వైపు జారింది. వేలు రాలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ట్రస్టీ సాహెబ్ ముందు, వెనక గాంధీనగర్ మేడం. జుట్టు నెరిసిన మనిషి. ఒకప్పుడు నర్సుగా పనిచేసిందట. ప్రతి మంచం దగ్గరా ఆగి ఏదో అడుగుతోంది. మూలుగులు వరసగా లేచాయి. లింగం మూలుగు అందరిలో బాగుంది. బుచ్చిరాములు దగ్గరికి వచ్చి, ఎలా విరిగిందని గుజరాతీలో, తర్వాత హిందీలో అడిగింది. అతను చెప్పబోయాడు. ఏం చెప్పబోయాడో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చినదాన్ని విని, లేబర్ మనిషి, భాష రాదని ట్రస్టీ సర్దాడు. ఆమె పిండికట్టు వంక చూసి, తలాడించి, లింగం మంచం వైపు జరిగింది.

ఇంతేనా అనుకున్నాడు బుచ్చిరాములు. అయిపోయినట్టే. పిల్ల చదువు నిలబడ్డట్టే. ఇంకాసేపు ఊరుకుంటే చాలు.

అప్పుడు అవతలి వరుసలో అక్షర ఇటు చూసింది. చూడొద్దన్న వైపే. నాడి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది, కళ్ళు మాత్రం అతని నోటి మీద ఆగాయి. ఖాతా మోతలో మనుషులు చేతులతోనే మాట్లాడుకుంటారు. చెయ్యి గుండ్రంగా తిప్పితే, ఆపకు, నడవనీ అని. బుచ్చిరాములు ఎడమచెయ్యి దుప్పటిమీంచి కాస్త లేపి గుండ్రంగా తిప్పాడు. నడవనీ బిడ్డా. నడవనీ.

ఆమె రోగి మణికట్టును జాగ్రత్తగా దిండు మీద పెట్టి, వరసల మధ్యనుంచి నడిచి వచ్చింది. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకోవడం అందరికీ వినిపించింది.

"నాయినా, జర నవ్వు."

అతను నవ్వాడు. తనకు తెలిసినంతలో నిండుగానే నవ్వాడు. ఆమె ముఖం చూస్తే అది సగమే అయిందని అర్థమైంది.

"రెండు చేతులు లేపు."

ఒకటి లేచింది.

అక్షర వెనక్కి తిరిగి హిందీలో మాట్లాడింది. గొంతు పాఠం అప్పచెబుతున్నట్టే ఉంది. ఈ పేషెంటుకు పక్షవాతం మొదలైంది, మాట పోయింది, కుడివైపు పడిపోయింది, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మేడం చేతిలోని ఫైలు లింగానికి ఇచ్చేసి వచ్చింది. లింగం మలేరియా మరిచిపోయి లేచి కూర్చున్నాడు. మేడం బుచ్చిరాములు కనురెప్పలు విప్పి చూసింది, చెయ్యి ఎత్తి వదిలింది, అది పడిన తీరు చూసింది. డ్యూటీ డాక్టరెక్కడని అడిగింది. ఆపరేషన్‌లో ఉన్నాడని ట్రస్టీ అన్నాడు.

"డాక్టర్ లేడు మేడం," అంది అక్షర. "ఈయన మా నాయిన."

అంతకుమించి చెప్పే తీరిక లేదు. మేడం తన కారు మెట్లదాకా తెప్పించింది. లింగం, ఇంకో ముగ్గురు దుప్పటితో సహా ఎత్తారు. ఒక కాలు పక్షవాతానిది, ఒక కాలు పిండికట్టుది. బుచ్చిరాములు శరీరంలో అతనికని మిగిలింది ఎడమచెయ్యి ఒక్కటే.

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో జనం జాతరలా ఉన్నారు. స్ట్రెచర్ పట్టిన మనిషి ఒక్క చూపు చూశాడు. తొడదాకా తెల్లటి కట్టు. ఇంకేం అడగలేదు, ఎముకల వార్డుకు తోశాడు. అక్షర కాగితం రాయించే కిటికీ దగ్గరనుంచి వచ్చేసరికి తండ్రి లేడు. వరండాల వెంట పరుగెత్తి, ఎముకల వార్డు వరసలో, చేతులు విరిగిన పిల్లల వెనక అతన్ని పట్టుకుంది. కాలికేమీ కాలేదని ఆమె చెబుతుంటే అక్కడి కుర్ర డాక్టరు, కాలికేమీ కాకపోతే కట్టెందుకని అడిగాడు.  ఆమె మూలనున్న కత్తెర తీసుకుని తనే కోయడం మొదలుపెట్టింది. పిండి గడ్డకట్టింది, కత్తెర దిగదు. డాక్టరు రంపం తెప్పించాడు. కట్టు పగిలి రెండు చెక్కలయ్యేసరికి లోపల చక్కటి కాలు, పిక్క మీద దోమకాటు, అంతే.

అప్పుడు స్కానింగుకు పరిగెత్తించారు. సూది వేశారు. వేస్తూ పెద్ద డాక్టరు, ఇంకొంచెం ముందు తెచ్చి ఉండాల్సిందన్నాడు.

*

శనివారానికి బుచ్చిరాములు మనుషులను పోల్చుకోగలుగుతున్నాడు. మాటలు వినిపిస్తున్నాయి, అర్థమవుతున్నాయి. పలకడమే రావడం లేదు. లోపల కథలన్నీ అలాగే ఉన్నాయి, గది నిండా బట్టల తాన్లున్నట్టు. తలుపు మాత్రం బయటినుంచి గడియ పెట్టారు.

వార్డులో మంచానికి ఇద్దరు, మంచాల మధ్య నేలమీద చాపలు. ఇంతమందికీ ఒక్క సిస్టరు. ఆమె నడవగా బుచ్చిరాములు చూడలేదు, పరుగే. మొదటిరోజు మధ్యాహ్నమే అక్షర చేతిలో థర్మామీటరు పెట్టి, ఆ మూలనుంచి చూసుకుంటూ రా అంది. అక్షర రెండు రోజులుగా చూసుకుంటూ వస్తోంది. తండ్రిని ఒత్తిగిలించి వీపు తుడుస్తుంది, మళ్ళీ పక్కమంచానికి వెళ్తుంది. చేతులు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడం తగ్గిపోయింది. సారక్క కాళ్ళ దగ్గర కూర్చుని, కత్తిరించడానికి దారాల్లేక, తన చీరకొంగు పోగులే లాగుతోంది.

సందర్శకుల వేళకు ట్రస్టీ సాహెబ్ వచ్చాడు. వెంట సదానందం, పూలగుత్తి, మెడలో కెమెరా వేసుకున్న మనిషి. తలుపు దగ్గర కోమలి వచ్చి ఆగిపోయింది.

ట్రస్టీ మంచి మాటే మాట్లాడాడు. అక్షర చెయ్యి పట్టుకుని బేటీ అన్నాడు. మేడం ఇంకా రిపోర్టు రాయలేదట. ఇప్పుడే ఇక్కడికి వస్తోందట, రోగిని చూడ్డానికి, రెండు మాటలు అడగడానికి. రాష్ట్రంలో ఏ కాలేజీలోనైనా రెండో ఏటి పిల్ల పక్షవాతాన్ని గుక్కతిప్పుకునేలోపు పట్టిందా అన్నాడు. కాలు విరిగి చేరిన రోగిని మా పిల్ల కాపాడింది. మేమే ఇక్కడికి పంపించాం. ఇందులో అబద్ధమెంత? కాలొక్కటే. ఆ కాలొక్కటి అటుంచితే మిగతాదంతా నిజమే కదా.

బుచ్చిరాములు పడుకుని విన్నాడు. బతుకంతా కోతలు కోసిన మనిషి, వింటూ లోలోపల మెచ్చుకున్నాడు కూడా. ఎంత పొడుగు కథ, ఎంత నున్నగా నేశాడు. ఎక్కడా ముడి కనిపించడం లేదు.

"ఒక్క మాటతోటి అందరం బతుకుతం బిడ్డా," అన్నాడు సదానందం తెలుగులో. "నీ సదువు, గా కోమలి సదువు, ముప్ఫైమంది. బావకు ఖర్చంత సాబ్ పెట్టుకుంటడు. లేకుంటే దుకాణం బందు. జోల్వాల ముఖమెట్ల సూపెడుతవు?"

సారక్క తమ్ముడి మాటకు అడ్డం చెప్పలేదు. కూతురి వైపు చూసి, మెల్లగా, అయ్యిందేదో అయ్యింది బిడ్డా అంది.

అక్షర తలుపు దగ్గరున్న కోమలిని చూసింది. కోమలి కళ్ళు దించుకుంది. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. రెండు రోజులుగా నిద్రలేని ముఖం అక్షరది. ఆమె దిండు సర్ది, దుప్పటి అంచు సర్ది, సర్దడానికి ఇంకేమీ మిగలక, తల ఊపింది. సరేనని. నోటితో అనలేదు, తలే ఊపింది. బుచ్చిరాములు ఆ ఊపు చూశాడు. సోమవారం తాను లుంగీ మడతలో చెయ్యి దాచుకుని ఊపిన ఊపే అది.

ట్రస్టీ ముఖం విప్పారింది. మేడం వచ్చేలోపు ఒక ఫోటో అన్నాడు. పూలగుత్తి బుచ్చిరాములు గుండెల మీద పెట్టారు. అక్షరను తల దగ్గర నిలబెట్టారు. కెమెరా మనిషి దణ్ణం పెట్టమని, కాకా, హాథ్ జోడో అన్నాడు. బుచ్చిరాములు కదల్లేదు. చేతకాదని సదానందం గుర్తుచేశాడు. దానికేముందని ట్రస్టీ వంగి, దుప్పటి మీది కుడిచేతిని తానే ఎత్తాడు. చల్లటి చెయ్యి, బరువైన చెయ్యి. దాన్ని గుండెలదాకా తెచ్చి నిలబెట్టి పట్టుకుని, ఎడమచెయ్యి వచ్చి కలవడానికి ఎదురుచూశాడు.

ఎడమచెయ్యి లేచింది. అక్షర చూస్తూనే ఉంది. అది గుండెల వైపు రాలేదు. పూలమీంచి దాటి అవతలికి వెళ్ళి, మంచం పక్కనున్న ఇనుపకడ్డీని పట్టుకుంది.

కాకా, అన్నాడు కెమెరా మనిషి మళ్ళీ. సదానందం నవ్వుతూ వచ్చి మణికట్టు పట్టుకుని, రా బావా, జర ఇటు తే, అంటూ లాగాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. మంచం కిర్రుమంది, చెయ్యి రాలేదు. పూలగుత్తి జారి కిందపడింది. ట్రస్టీ చేతిలో ఆ కుడిచెయ్యి ఒక్కటే దణ్ణంలో సగంగా నిలబడి ఉంది. దాన్ని పట్టుకోవాలో వదలాలో అతనికి తెలియడం లేదు.

గాంధీనగర్ మేడం ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. మంచాల మధ్య చాపలు దాటుకుంటూ వచ్చి ఆగింది. ట్రస్టీ చెయ్యి వదిలాడు. అది దుప్పటి మీద పడింది. మేడం దాన్ని తీసి, మోచేతి కింద దిండు పెట్టి, వేళ్ళు చాచి సరిగ్గా పడుకోబెట్టింది. అప్పుడు అక్షరను అడిగింది, ఈయన మీ దవాఖానాలో ఎప్పుడు చేరాడని.

అక్షర తండ్రి పిడికిలి వంకే చూస్తోంది. కణుపులు తెల్లబడ్డాయి.

"చేరలేదు మేడం," అంది. "సాంచెల మీద పని చేస్తడు. ఆ రోజు మంచాల మీదున్నోళ్ళంతా గంతే. కాలు విరగలేదు. ఆ కట్టు కోసేసరికే ఆలస్యమైంది."

ఆ మాటలు తెలుగులోనే వచ్చేశాయని అప్పుడు గమనించి, హిందీలో మళ్ళీ చెప్పింది, ఒక్కొక్కటే. మేడం రాసుకోలేదు. వింది. మిగతా పిల్లలకు వేరే కాలేజీ దొరుకుతుందా అని అక్షర అడిగితే, చట్టంలో అలా ఉందో లేదో చూడాలంది. దొరుకుతుందని అనలేదు.

ట్రస్టీ అప్పటికే వెళ్ళిపోయాడు. సదానందం అక్క ముఖం చూడలేక కింద పడ్డ పూలు ఏరుకుంటూ కొంచెంసేపు ఉండి, అతనూ వెళ్ళాడు. తలుపు దగ్గర కోమలి లేదు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది, పరుగెడుతున్నట్టు కాదు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నట్టు. సారక్క కాళ్ళ దగ్గరనుంచి లేచింది. గిన్నె తీసుకుని నీళ్ళకు పోయింది.

మేడం కూడా వెళ్ళాక అక్షర మంచం ఇవతలికి వచ్చి కూర్చుంది. బుచ్చిరాములు ఇంకా కడ్డీ వదల్లేదు.

"పోయిన్రు నాయినా," అంది. "ఇడువు ఇగ."

అతనికి వినబడింది. వదలాలనే ఉంది. అయినా ఆ వేళ్ళు దేన్నో పట్టుకున్నాక వదలడం మరిచినట్టున్నాయి. లేదా ఉన్న ఒక్క చెయ్యి కూడా మాట వినడం మానేస్తోందేమో. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తోచింది, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అక్షర ముందుకు వంగి, చిటికెనవేలుతో మొదలుపెట్టి, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పడం మొదలుపెట్టింది.